ఒకే కడుపు, రెండు రిజిస్టర్లు

మా అన్న ఎస్సీ. నేను బీసీ-సి. ఇద్దరం ఒకే అమ్మ కడుపున పుట్టినోళ్ళమే. ఇద్దరం తాగింది మాదిగపల్లె చేతిపంపు నీళ్ళే. ఊళ్ళోవాళ్ళు ఇద్దర్నీ పిలిచింది ఒకే మాటతో. సర్కారు కాగితాల్లో మాత్రం ఇద్దరివీ వేరే వేరే కులాలు.

ఇదెట్లా జరిగిందంటే, అన్నను బళ్ళో వేసిననాడు అయ్యవారు ఏమీ అడక్కుండానే 'హిందూ-మాదిగ' అని రాసుకున్నాడు. మూడేళ్ళ తర్వాత నన్ను చేర్పించేటప్పటికి ఆయన బదిలీ అయ్యాడు. కొత్తాయన 'మతమేందయ్యా?' అని అడిగాడు. 'క్రీస్తు మతమేనయ్యా' అన్నాడు నాయన. అడగనివాడు రాసింది ఒకటి, అడిగినవాడు రాసింది ఇంకొకటి. నాయన రెండుసార్లూ వేలిముద్రే వేశాడు. అడిగితే అబద్ధం చెప్పకూడదనేది ఆయనకు గుళ్ళో నేర్పిన మాట. ఆ నిజం ఖరీదెంతో ఆయనకెవరూ చెప్పలేదు.

మా పల్లెలో గుడి అంటే చర్చే. హిందువుల గుళ్ళోకి మమ్మల్ని రానిస్తే గదా ఆ మాట వాళ్ళ కోసం దాచిపెట్టేది! ఆ గుడి మాకెట్లా వచ్చింది, దాన్ని పట్టుకున్నందుకు మావోళ్ళు ఏమేం పోగొట్టుకున్నారు, అయినా ఎందుకు వదల్లేదు అనేది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. సాంఘిక శాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి గనుక ఆ సంగతి నాకు బాగా తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తెల్లదొరలు తుపాకీ ఒక చేత్తో, బైబిలు ఇంకో చేత్తో పట్టుకొచ్చి మమ్మల్ని కలిపేసుకున్నారని చాలామంది అంటారు. చరిత్ర అంత తేలిక కాదు. ఈస్టిండియా కంపెనీకి కావలసింది వ్యాపారం, శిస్తు. పై కులాలకు కోపం వస్తే ఆ రెండూ దెబ్బతింటాయని దాని భయం. అందుకే మిషనరీలను కంపెనీ అనుమానంగానే చూసింది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ దొరలు క్రాన్, డిగ్రాంజెస్ ఆ అనుమానం నడుమనే తెలుగు నేర్చుకుని సువార్తను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. మరుసటేడు వేలూరులో సిపాయిలు తిరగబడ్డాక అనుమానం ఇంకా పెరిగింది. 1813 చార్టరు చట్టం వచ్చిందాకా కంపెనీ పాలనలో మత ప్రచారానికి తలుపు సరిగ్గా తెరుచుకోలేదు.

1850లో కంపెనీ ఒక చట్టం చేసింది. మతం మారినా, కులం వెలివేసినా ఆస్తి హక్కు పోదని ఆ చట్టం చెప్పింది. ఆస్తి ఉన్నోళ్ళకు అది పెద్ద రక్షణ. మావోళ్ళకు పోవడానికి ఆస్తి ఏముంది? చెప్పులు కుట్టే ఆరె, లందలో నానే తోలు, భుజాన డప్పు. ఇంతే గదా! సరిగ్గా నూరేళ్ళకు, 1950లో, మాకంటూ ఒక హక్కు వచ్చినప్పుడు మాత్రం మతం మారితే అది పోతుందన్నారు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మా ఒంగోలు సీమలో కథ మిషన్ బంగళా నుంచి మొదలు కాలేదు. తోళ్ళ మూట నుంచి మొదలైంది. అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి నెల్లూరులో ఉన్నారు. ఏళ్ళ తరబడి కష్టపడినా చేరినోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే. ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు చర్చ జరిగింది. ఇక్కడున్న దొరలేమో పెద్ద కులాలు ముందు కలిస్తే కింది కులాలు వాటంతటవే వస్తాయనుకుంటూ కూర్చున్నారు.

ఆ లెక్కను తిరగేసినవాడు యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటి దిక్కున ఉండే మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాన గోదావరి, ఏలూరు సీమల దాకా తిరిగినవాడు. అంతకుముందే యోగ మార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొంది, తానే నలుగురికి బోధ చెప్పినవాడు. ఈ మాట నొక్కి చెప్పాలి. ఎందుకంటే మావోళ్ళు ఏమీ తెలియని అమాయకులని, ఎవరో వచ్చి మభ్యపెట్టారని ఇప్పటికీ అంటున్నారు. పేరయ్య దేవుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళినవాడు. వ్యాపారానికి పోయిన చోట సువార్త విని, ఇంటికొచ్చి, దొరలు ఎక్కడున్నారో ఆరా తీసి, 1866లో తన భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. దొర ఆయన దగ్గరికి రాలేదు, ఆయనే దొరను పిలిపించుకున్నాడు.

అప్పుడు క్లౌ దొరకు ఇరకాటం వచ్చిపడింది. ఒంగోలులో కొందరు పెద్ద కులపోళ్ళు మిషన్ వైపు చూస్తున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని వాళ్ళు తెగేసి చెప్పారు. ఆ రాత్రి దొర, దొరసాని ఎవరికి వారుగా బైబిలు తెరిస్తే, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే కొరింథీ పత్రిక భాగమే ఇద్దరికీ తగిలిందని మా పాస్టరయ్యలు ఇప్పటికీ ప్రసంగాల్లో చెప్తారు. దొర మాదిగల వైపే నిలబడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

సంఘంలో చేరాలంటే ముఖ్యంగా మూడు షరతులు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి ఇవి భక్తి సూత్రాల్లా కనిపిస్తాయి. ఊళ్ళో వాటి అర్థమే వేరు. మాదిగ వెట్టి అంటే ఏంది? గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి. దాని తోలుతో కపిలికి తొండాలు, రైతులకు చెప్పులు కుట్టాలి. జాతరకు డప్పు కొట్టాలి. పిలిచిన రోజు పిలిచిన పనికి పోవాలి. ఈ మూడు షరతులూ ఒప్పుకున్నాడంటే మాదిగ ఊరి కట్టును మూడు చోట్ల తెంపినట్టే. వారానికొక రోజు 'నేను పనికి రాను' అనగలగడం మాదిగ బతుకులో మొదటి సమ్మె. నా దృష్టిలో తెలుగు నేల మీద వ్యవసాయ కూలీ సొంతంగా సాధించుకున్న తొలి సెలవు అదే.

ఊరు ఊరుకుంటదా? కరణం, మునసబు, పెద్ద రైతులు ఒక్కటైనారు. నీళ్ళు కట్టేశారు. చాకలి బట్టలు ఉతకొద్దన్నారు. కుమ్మరి కుండ అమ్మొద్దన్నారు. అంగట్లో ఉప్పు పుట్టలేదు. దొంగతనాలు అంటగట్టి కేసులు పెట్టారు. ఇంగ్లీషోళ్ళ రాజ్యంలోనే ఇదంతా జరిగింది. కోర్టు తెల్లోడిదైనా సాక్షి కరణమే, రాసేవాడూ కరణమే. మా తాత ఒక మాట చెప్పేవాడు: 'బాప్తిస్మం నీళ్ళు ఒకసారే పోసుకున్నాం గానీ, తాగే నీళ్ళకు తరతరాలుగా ఏడ్చాంరా' అని.

1876లో కరువు మొదలైంది. తెలుగు జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. కొన్ని చోట్ల మాదిగల్ని పని పెద్దలు సతాయించడం చూసి, క్లౌ దొర మూడున్నర మైళ్ళ కాలువను తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. మా బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి తవ్వడం, సందు దొరికినప్పుడు వాక్యం వినడం. మా తాత ముత్తాతల్లో కొందరు ఆ కాలువలో మట్టి మోశారని మా ఇంట్లో చెప్పుకుంటారు.

'బువ్వ కోసం కలిశారు' అనే మాట ఇక్కణ్ణుంచే పుట్టింది. నేను డిగ్రీ చదివేటప్పుడు నా తోటి విద్యార్థి ఒకడు ఇదే మాటన్నాడు. వాడికి అప్పుడు చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. కరువు సాయం నడిచిన దాదాపు 15 నెలలు క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడిగినా ఇవ్వలేదు. సాయం అయిపోవచ్చాక, ఇంక ఇచ్చేదేమీ లేదని తేలాక, 1878 జూన్‌లో తలుపు తీశాడు. అప్పుడూ జనం తగ్గలేదు. జూలై 3న గుండ్లకమ్మ వాగు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు ఇస్తుంటే మిగతావాళ్ళు అలుపు తీర్చుకున్నారు. ఆ ఏడాది చివరికి చేరినోళ్ళు తొమ్మిది వేలు దాటారు. బువ్వ దొరికే రోజుల్లో ఆపి, బువ్వ ఆగిపోయాక కలుపుకుంటే దాన్ని బువ్వ కోసం అంటారా? ఒకవేళ కొందరు ఆకలికే వచ్చారనుకుందాం. ఆకలితో చస్తున్నవాడికి అన్నం పెట్టనోడు వాడి భక్తిని తూకం వేయొచ్చా?

అట్లాగని మిషన్‌ను దేవుడి పక్కన కూర్చోబెట్టను. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. ఊళ్ళో ఉన్న గోడనే సంఘాల మధ్య కూడా కట్టుకున్నాం. పద్దెనిమిదో శతాబ్దంలో కేథలిక్కులైన రెడ్లు రెడ్లుగానే ఉన్నారు. వాళ్ళ కులం చెడలేదు, పొలం పోలేదు. తెలుగు కేథలిక్ మందలో ఎక్కువమంది మనవాళ్ళే. అయినా దేశంలో మొదటి దళిత ఆర్చిబిషప్‌గా మారంపూడి జోజి హైదరాబాద్ పీఠం ఎక్కడానికి 2000 సంవత్సరం దాకా ఆగాల్సొచ్చింది. పూల ఆంథోనీ మొదటి దళిత కార్డినల్ అయింది 2022లో. ఇంకొకటి కూడా ఉంది. దొరలు డప్పును దయ్యాల వాద్యమన్నారు. వెట్టి డప్పు పోవడం మంచిదే. దాంతోపాటు మా పాట, మా దరువు కూడా పోయాయి. 1994 జూలైలో ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడుగానీ ఆ డప్పు మళ్ళీ మా భుజానికెక్కలేదు. ఈసారి వెట్టికి కాదు, హక్కుకి. మా పాస్టరయ్య కొడుకే మా పల్లెలో మొదట డప్పు పట్టాడని నాయన నవ్వుతా చెప్తాడు.

ఇంక 1950 సంగతి. రాజ్యాంగం వచ్చి ఏడు నెలలైనా నిండలేదు. ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. 1956లో సిక్కులను కలిపారు. 1990లో బౌద్ధులను కలిపారు. అంబేద్కర్ బాటలో బౌద్ధం తీసుకున్న అన్నదమ్ములకు న్యాయం జరిగినందుకు సంతోషమే. కానీ క్రైస్తవ దళితుడు, ముస్లిం దళితుడు ఇప్పటికీ గడప బయటే. ఆగస్టు 10ని దళిత క్రైస్తవులు చీకటి రోజుగా పాటించేది అందుకే.

ఒరిస్సా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో మతమార్పిడుల మీద చట్టాలు చేశాయి. మన దగ్గర అట్లాంటి చట్టం చేయలేదు. అవసరమేముంది? మన చట్టం కుల ధృవీకరణ పత్రంలోనే ఉంది. ఎవరూ నిన్ను జైల్లో పెట్టరు. నచ్చిన దేవుణ్ణి మొక్కుకోమని 25వ అధికరణం చెప్తుంది. మొక్కుకున్న మరుక్షణం నీ సీటు, నీ ఉద్యోగం, నీ రిజర్వుడు సర్పంచి పదవి, నీ అట్రాసిటీ కేసు నీవి కావు. పోలీసు లేకుండానే నడిచే నిర్బంధం ఇది.

రాష్ట్రం కొంత సర్దుబాటు చేసింది. 1970లో బీసీ జాబితా తయారుచేసినప్పుడు క్రైస్తవులైన ఎస్సీలనూ వాళ్ళ సంతానాన్నీ 'సి' గ్రూపుగా పెట్టి ఒక శాతం ఇచ్చింది. 1977లో జీవో 341తో కొన్ని ఆర్థిక, విద్యా సౌకర్యాలు కల్పించింది. నా ఉద్యోగం ఆ ఒక్క శాతంలో వచ్చిందే. కాదనను. 2025లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీ కోటాను పంచి మాదిగ వర్గానికి 6.5 శాతం ఇచ్చింది. ముప్పై ఏళ్ళ పోరాటం గెలిచింది. పల్లె అంతా డప్పులు కొట్టాం, నేనూ కొట్టాను. ఆ పంపకంలో నాకు గింజ కూడా రాదు. అయినా ఆ గెలుపు నాదే.

1985ను చూడండి. జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. చనిపోయినవాళ్ళ పేర్లలో మోషే ఉంది, యెహోషువ ఉంది, వందనం ఉంది. గొడ్డలి ఎత్తినవాడు ఆ పేర్లు విని, 'వీళ్ళు క్రైస్తవులు, కులం పోయినోళ్ళు' అని దించలేదు. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు మద్రాసు చెప్పులు కుట్టే క్రైస్తవుడొకడి కేసులో తీర్పిచ్చింది. అదే సూసై కేసు. మతం మారాక కూడా కుల బాధలు అదే తీవ్రతతో ఉన్నాయని రుజువు చూపించాలంది. రెండు నెలల కిందటే మా జిల్లాలో రుజువు నెత్తుటితో రాసి ఉంది. అది కోర్టు కాగితాల్లోకి ఎక్కలేదు, అంతే.

నా అనుభవం చిన్నది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఒక పెద్దమనిషి బడి ముందరే కులం పేరెత్తి బూతులు తిట్టాడు. స్టేషనుకు పోతే, నా సర్టిఫికెట్ చూసి, బీసీ-సి గనుక అట్రాసిటీ చట్టం వర్తించదన్నారు. నన్ను తిట్టినోడు 'ఒరే బీసీ-సి నాయాలా' అని తిట్టలేదు. 'మాదిగ నాయాలా' అనే తిట్టాడు. తిట్టుకు తెలిసిన కులం చట్టానికి తెలియదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో ఇదే మాట తీర్పుగా చెప్పింది: మతం మారి పాస్టరుగా పనిచేస్తున్నవాడు ఆ చట్టం కింద రక్షణ కోరలేడని.

ఇంత నిర్బంధంలో సంఘాలు తగ్గిపోయాయా? జనాభా లెక్కల్ని అడిగితే తగ్గిపోయాయంటాయి. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు నూటికి నలుగురి పైన ఉన్నారు. 2001 నాటికి ఒకటిన్నర. 2011 నాటికి 1.34. దేవుళ్ళను వదిలేసి జనం వెనక్కి పోయారా? మా మండలంలో ఏ పల్లెకైనా ఆదివారం పొద్దున రండి. నా చిన్నప్పుడు ఒక్క మిషన్ గుడి ఉండేది. ఇప్పుడు అదిగాక నాలుగు రేకుల షెడ్లున్నాయి. విదేశీ డబ్బు లేకుండా మన మనుషులతోనే సంఘాలు కట్టొచ్చని 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను పెట్టిన భక్తసింగ్ లాంటివాళ్ళు చూపించారు. ఆ దారిలో ఊరూరా స్వతంత్ర సంఘాలు లేచాయి. కూలికి పోయిన ఆడోళ్ళ పిడికెడు బియ్యంతో, వారం వారం ఇచ్చే పది రూపాయలతో నడిచే గుళ్ళివి. గుడి నిండుతుంటే లెక్క తగ్గుతుంది. మనుషులు తగ్గలేదు, చెప్పుకునేవాళ్ళు తగ్గారు. క్లౌ దొర కాలంలో మావోళ్ళు వెలికి భయపడకుండా బయటపడి కలిశారు. స్వతంత్ర భారతంలో వాళ్ళ మునిమనవళ్ళు పిల్లల సీట్ల కోసం మౌనంగా కూర్చున్నారు. దీన్ని మోసమని కొందరంటారు. తరతరాలుగా కాగితాలన్నీ కరణం చేతిలో ఉన్న జనం కాగితం దగ్గర జాగ్రత్తగా ఉండడం మోసమెట్లా అవుతుంది?

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టొద్దని, మూడో పేరా తీసేయమని చెప్పింది. ఆ నివేదిక అమలు కాలేదు. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసింది. మాకు కమిషన్ల కొరత లేదు. ఎస్సీల వాటా తగ్గకుండా, కోటాను జనాభా మేరకు పెంచి మమ్మల్ని చేర్చండని మేము అడుగుతున్నాం. హిందూ మాదిగ కంచంలో ముద్ద మాకొద్దు. ఆ కంచం మా అన్నది.

ప్రతి జూన్‌లో చేరిక రిజిస్టరు నా చేతికొస్తుంది. 'మతం' అనే గడి దగ్గర నేను ఆగుతాను. మా అన్నకు రాసినట్టు అడక్కుండా రాయను, నాకు రాసినట్టు చెప్పకుండానూ రాయను. తల్లిని కూర్చోబెట్టి, ఇదిట్లా రాస్తే ఏమొస్తుంది, ఏం పోతుంది, అట్లా రాస్తే ఏమొస్తుంది, ఏం పోతుంది అని చెప్తాను. కొందరు ఇంటికిపోయి ఆలోచించి మర్నాడొస్తారు. కొందరు అక్కడికక్కడే చెప్తారు. ఒకామె మాత్రం 'అయ్యా, ఆ గడి ఎందుకుంది అసలు?' అంది. ఏడో తరగతి కూడా చదవని ఆ తల్లి అడిగిన ప్రశ్నకు 1950 నుంచి ఏ ప్రభుత్వమూ సరైన జవాబు చెప్పలేదు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెప్తాను. మన పాత మిషన్ గుళ్ళలో బాప్తిస్మం పుస్తకాలున్నాయి. కొన్నింటిని చెదలు తింటున్నాయి. ఎవరు ఏ ఊరు నుంచి వచ్చారో, ఏ ఏట వచ్చారో వాటిలో ఉంది. పలక పట్టిన మన మొదటి ఆడబిడ్డల పేర్లు కూడా కొన్నింటిలో ఉండొచ్చు. కరణం లెక్కల్లో మన తాతలు వెట్టోళ్ళు మాత్రమే. ఆ పుస్తకాల్లో వాళ్ళకు పేర్లున్నాయి. వాటిని ఎత్తి రాసుకోండి. మన ముసలోళ్ళు బతికుండగానే నీళ్ళు కట్టేసిన సంగతులు అడిగి రాసుకోండి. రుజువు తెమ్మని కోర్టులు అడుగుతున్నాయి గదా. రుజువులు మన పల్లెల్లోనే ఉన్నాయి, మనమే తేవాలి.